రెండు గొట్టాల కాలం
నీటి కింద ఊపిరి: ఏడో భాగం

కిందటి భాగంలో కథను 1943 వేసవిలో ఆపాం. ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉంది. పెట్రోలు దొరక్క కార్లు కట్టెలు కాల్చిన గ్యాసుతో నడుస్తున్నాయి. అలాంటి కార్ల కోసం ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఇంజినీరు ఎమిల్ గన్యాన్ చేసిన చిన్న వాల్వును నౌకాదళ అధికారి జాక్ కూస్తో నీళ్లలోకి దింపాడు. జనవరి చలిలో మార్న్ నదిలో చేసిన మొదటి పరీక్ష సగం నెగ్గింది, సగం ఓడింది. జూన్‌లో బాండోల్ తీరాన మధ్యధరా నీళ్లలో పూర్తిగా నెగ్గింది. మరుసటి నెలలోనే మార్సెయ్ దగ్గర జార్జ్ కొమ్మేన్ అనే మరో ఫ్రెంచివాడు తన సొంత పరికరంతో 53 మీటర్ల లోతుకు వెళ్లొచ్చాడు. ఎవరిది పైచేయో అప్పటికింకా తేలలేదు.

తేల్చింది యుద్ధమే. 1944 నవంబరులో స్ట్రాస్‌బర్గ్ విముక్తి కోసం జరిగిన పోరులో కొమ్మేన్ చనిపోయాడు. ఆయనతో పాటే ఆయన పరికరమూ మూలపడింది. కూస్తో ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన చేతిలో సినిమా కెమెరా ఉంది, వెనక ఎయిర్ లిక్విడ్ ఉంది, ఆ కంపెనీ డైరెక్టర్లలో స్వయానా మామగారున్నారు. అయినా సముద్రం అడుగున తిరగడం అనగానే లోకానికి ఆ ఒక్క పేరే గుర్తుకు రావడంలో స్ట్రాస్‌బర్గ్ తుపాకులకూ కొంత వాటా ఉందని చెప్పక తప్పదు.

ఈ భాగం ఆ తర్వాతి పదిహేను, ఇరవై ఏళ్లది. వీపున సిలిండర్, దాని మెడ మీద గుండ్రటి లోహపు డబ్బా, అందులోంచి రెండు భుజాల మీదుగా నోటికి వచ్చే ముడతల రబ్బరు గొట్టాలు, నడుముకు సీసం బెల్టు. అంతే సరంజామా. ఇవాళ డైవింగ్ నేర్చుకునే ప్రతివాడూ తొడుక్కునే గాలి జాకెట్ అప్పటికి పుట్టలేదు. సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చూపే మీటరు చాలామంది దగ్గర ఉండేది కాదు.

ముందు ఆ రెండు గొట్టాల సంగతి చూద్దాం. పాత ఫొటోలు చూసినవాళ్లు రెండింట్లోంచీ గాలి వస్తుందనుకుంటారు. వచ్చేది కుడి భుజం మీది గొట్టంలోంచే. ఎడమది వదిలిన ఊపిరిని మళ్లీ వీపు మీది డబ్బా దగ్గరికే తీసుకుపోతుంది. ఎలాగూ నీళ్లలో కలిసిపోయే గాలిని అంత దూరం మోసుకుపోవడం దేనికి? నోటి దగ్గరే బయటికి పంపేస్తే పోయేది కదా? మార్న్ నదిలో పరీక్షించిన నమూనా అచ్చం అలాగే చేసింది. కూస్తో అడ్డంగా ఈదినంతసేపూ ఇబ్బంది లేదు. నిలువుగా లేచేసరికి గాలి బుసబుసమంటూ వృథాగా పోయింది. తల కిందికి పెట్టి దిగబోతే పీల్చుకోవడమే గగనమైంది.

గోడ మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టాన్ని తలచుకోండి. ఒక కొన ఎత్తితే కింద ఉన్న కొనలోంచి నీళ్లు కారిపోతాయి. నీటి అడుగున గాలికి ఇదే లెక్క తిరగబడుతుంది, ఎత్తున ఉన్న కొనలోంచి గాలి జారిపోతుంది. వీపు మీది డబ్బా పేరు రెగ్యులేటర్, అందులో ఒక రబ్బరు పొర ఉంటుంది. అది తానున్న చోటి నీటి ఒత్తిడిని బట్టి, సరిగ్గా అంతే ఒత్తిడితో గాలిని వదులుతుంది. ఊపిరి బయటికి పోయే వాల్వు ఆ పొరకన్నా జానెడు ఎత్తున ఉంటే అక్కడ నీటి ఒత్తిడి ఆ జానెడు మేర తగ్గుతుంది. ఇక గాలిని ఆపేదేముంది? కారులో పారిస్ తిరిగి వెళ్తూండగానే కూస్తోకు, గన్యాన్‌కు విరుగుడు తట్టింది. బయటికి పంపే వాల్వును కూడా రబ్బరు పొర పక్కనే, అదే డబ్బాలో పెట్టారు. బాతు ముక్కు ఆకారంలో ఉండే పలచటి రబ్బరు వాల్వు అది. మనిషి ఎటు తిరిగినా రెండూ ఒకే మట్టంలో ఉంటాయి. రెండో గొట్టం పుట్టుకకు కారణం ఇదే.

దీంతో అనుకోని లాభం ఒకటి కలిసొచ్చింది. బుడగలు ముఖం ముందు కాకుండా తల వెనక నుంచి పైకి పోతాయి. కళ్ల ముందు నీరు తేటగా ఉంటుంది. కెమెరా పట్టుకున్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కూస్తోకు పోటీదారు, ఆస్ట్రియా ఈతగాడు హాన్స్ హాస్ మాత్రం ఆక్సిజన్‌నే శుద్ధి చేసుకుంటూ మళ్లీ మళ్లీ పీల్చే పరికరాన్ని నమ్ముకున్నాడు. దానికి బుడగలే ఉండవు, చేపలు బెదరవు. కానీ పది మీటర్లు దాటితే అదే ఆక్సిజన్ విషమై మూర్ఛ తెప్పించగలదు. లోతు కావాలన్నవాళ్లకు మామూలు గాలే గతి, బుడగలూ తప్పవు.

జానెడు ఎత్తు గొడవ పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. వాల్వులు రెండూ ఒకే చోట చేరాయి గానీ ఊపిరితిత్తులు ఛాతీలోనే ఉన్నాయాయె. బోర్లా ఈదేటప్పుడు డబ్బా వీపు మీద, అంటే ఛాతీకన్నా ఎత్తున ఉంటుంది. అక్కడి ఒత్తిడితో వచ్చే గాలిని కాస్త బలంగా లాక్కోవాలి. వెల్లకిలా తిరిగితే అదే గాలి అడక్కుండానే నోట్లోకి తోసుకొస్తుంది. పాతకాలం డైవర్లు దీన్ని లోపమనుకోలేదు, పనిముట్టుగా వాడుకున్నారు. ఆయాసమొస్తే ఒకసారి వెల్లకిలా తిరిగేవాళ్లు. గొట్టాల్లోకి నీళ్లు చేరితే ఎడమ పక్కకు ఒరిగి గట్టిగా ఊదేవాళ్లు, నీళ్లు ఎడమ గొట్టంలోంచి బయటికి పోయేవి. నోటి నుంచి జారిపోయిన గొట్టాన్ని తల పైకి ఎత్తి పట్టుకుంటే చాలు, గాలి దానంతటదే పొంగి బుడగలతో జాడ చెప్పేది.

యుద్ధం ముగిసిన 1945లో తూలోన్ రేవులో ఫ్రెంచి నౌకాదళం ఒక చిన్న బృందానికి చోటిచ్చింది. ఫిలిప్ తాయే నాయకుడు, కూస్తో, ఫ్రెడరిక్ ద్యుమా అతని సహచరులు. మునిగిన మందుపాతరలు వెతకడం, ఓడల శిథిలాలు చూడటం, మనిషి ఎంత లోతుకు వెళ్లగలడో పరీక్షించడం వాళ్ల పని. పరీక్షించడానికి సొంత ఒళ్లు తప్ప వేరే సాధనం లేదు. ద్యుమా 1943 అక్టోబరులోనే 62 మీటర్లకు దిగి, తాగినవాడిలా మత్తెక్కి తిరిగొచ్చాడు. ఒత్తిడిలో పీల్చిన నైట్రోజన్ చేసే పని అది. మత్తు ఎక్కడ మొదలవుతుందో తెలిసింది, ఎక్కడ ముంచుతుందో తెలియలేదు.

1946 ఆగస్టు 27న కూస్తో, ద్యుమా దక్షిణ ఫ్రాన్స్‌లోని ఫోంతేన్ ద వోక్లూజ్ అనే ఊటగుండంలో దిగారు. ఏటా ఒక కాలంలో ఆ కొండ కింది గుండం ఉన్నట్టుండి ఉప్పొంగుతుంది. ఎందుకో చూసి రావాలని వాళ్ల ఆశ. పైన తాడు పట్టుకున్నవాడు మోరిస్ ఫార్గ్. చీకట్లో, గడ్డకట్టించే చలిలో దిగుతున్న కొద్దీ ఇద్దరికీ తల దిమ్మెక్కింది. లోతు తెచ్చే మత్తు కాదది, మరేదో పట్టుకుంది. ద్యుమా దాదాపు స్పృహ తప్పాడు. కూస్తో అతణ్ణి పట్టుకుని తాడు లాగుతూ పైకి ఎక్కడానికి చూశాడు. ఆ లాగుడుకు ఇంకా తాడు వదలమని అర్థం చేసుకున్న ఫార్గ్ వదులుతూనే ఉన్నాడు. ఎక్కే కొద్దీ తాడు కిందికే వచ్చింది! చివరికి ఏదో తేడా జరిగిందని ఫార్గ్‌కు అనుమానం వచ్చి ఇద్దరినీ లాగేశాడు. తర్వాత సిలిండర్ల గాలిని పరీక్షిస్తే గుట్టు బయటపడింది. వాటిని నింపిన కొత్త కంప్రెసర్ తాను వదిలిన పొగనే తాను పీల్చి సిలిండర్లలోకి ఎక్కించింది. వాళ్లు పీల్చింది కార్బన్ మోనాక్సైడ్. తెల్లవార్లూ నిద్ర పట్టనివ్వనంత ప్రమాదం, కారణం మాత్రం గాలి నింపిన మోటారు.

ఆ ఇద్దరినీ బతికించిన ఫార్గ్‌కు ఏడాది మాత్రమే మిగిలింది. 1947 సెప్టెంబరులో తాడుకు వరసగా పలకలు కట్టి, ఎవరు ఏ లోతుకు చేరితే అక్కడి పలక మీద సంతకం చేయాలని పందెం లాంటి పరీక్ష పెట్టుకున్నారు. దిగుతూ ఫార్గ్ క్షేమమేనని తాడు లాగి సైగ చేస్తూ వచ్చాడు. ఉన్నట్టుండి సైగ ఆగింది. పైకి లాగేసరికి గొట్టం నోటికి లేదు, ఛాతీ మీద వేలాడుతోంది. గంటల తరబడి ప్రయత్నించినా ప్రాణం రాలేదు. 120 మీటర్ల పలక మీద అతని సంతకం ఉంది. ఆ లోతులో గాలి పీల్చేవాడు గొట్టం ఎందుకు నోట్లో పెట్టుకోవాలో కూడా మరిచిపోతాడని ఆనాటితో తేలింది.

ఇక బరువు సంగతికి వద్దాం. ఈ కాలాన్ని అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి అదే.

మధ్యధరా వేసవి నీళ్లలో మొదటి డైవర్లు చాలాసార్లు ఒట్టి ఒంటితోనే దిగారు. మనిషి ఒళ్లు లోతుకు పోయినా పెద్దగా కుదించుకుపోదు. నడుముకు రెండు మూడు సీసం ముక్కలు కట్టి ఒకసారి తూకం కుదిరిస్తే పైనా కిందా దాదాపు అదే తూకం. మిగతా సర్దుబాటంతా ఊపిరితిత్తులదే. ఛాతీలో ఒక లీటరు గాలి ఎక్కువ నింపుకుంటే సుమారు కిలో తేలిక, వదిలేస్తే కిలో బరువు. రాయి మీంచి పైకి లేవాలంటే కొంచెం నిండుగా పీల్చి ఆ నిండుతనం మీదే చిన్న చిన్న ఊపిరులు తీసేవాళ్లు. దిగాలంటే ఛాతీ సగం ఖాళీ చేసి ఆ ఖాళీ మీద ఊపిరి ఆడించేవాళ్లు. చేతులు కదలవు, కాళ్లు కదలవు. ఒక్క హద్దు మాత్రం దాటకూడదు. పైకి వస్తున్నప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తిని చీలుస్తుంది. రెండు మీటర్ల తేడాతో కూడా ప్రాణం పోవచ్చు.

సిలిండర్‌కూ ఒక తూకం ఉంది. రెండువేల లీటర్ల గాలిని ఒత్తి నింపితే ఆ గాలి ఒక్కటే దాదాపు రెండున్నర కిలోలు తూగుతుంది. డైవ్ సాగే కొద్దీ అది బుడగలై పోతుంది. అందుకే దిగేటప్పుడు కాస్త బరువుగా, తిరిగొచ్చేటప్పుడు కాస్త తేలికగా ఉండటం రివాజు. మరీ తేలిపోతుంటే అడుగున దొరికిన రాయి చేతిలోకి తీసుకునేవాళ్లు.

ఈ ఏర్పాటు కాలిఫోర్నియా చేరాక చెడింది.

1946లో ఎయిర్ లిక్విడ్ ఈ పరికరాల కోసమే లా స్పిరోటెక్నీక్ అనే కంపెనీ పెట్టింది. 1947లో గన్యాన్ కుటుంబంతో సహా కెనడాలోని మాంట్రియల్ వెళ్లిపోయి అక్కడినుంచే కొత్త నమూనాలు గీస్తూ వచ్చాడు. కూస్తో తెరమీది మనిషి, గన్యాన్ బల్ల దగ్గరి మనిషి. పేరు ఎవరికి ఎంత దక్కిందో వేరే చెప్పాలా? లాస్ ఏంజెలిస్‌లో యూనివర్సిటీకి దగ్గర్లో ఉన్న వెస్ట్‌వుడ్‌లో రెనే బుస్సోజ్ అనే ఫ్రెంచివాడు నడిపే ఆటసామాన్ల దుకాణానికి ఆక్వాలంగ్ పేరుతో ఇవి దిగుమతయ్యాయి. కొద్ది ఏళ్లలో ఆ దుకాణమే యూఎస్ డైవర్స్ అనే పెద్ద కంపెనీ అయింది.

పసిఫిక్ తీరపు నీళ్లు చల్లన. ఉన్ని స్వెట్టర్లు, పొడుగు లోదుస్తులు వేసుకుని దిగినవాళ్లు అరగంటకే వణుకుతూ ఒడ్డెక్కి నిప్పు రాజేసుకునేవాళ్లు. 1951-52లో బర్క్లీలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త దీనికి మందు కనిపెట్టాడు. అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసిన మనిషి. ఒళ్లు తడవకపోతేనే వెచ్చగా ఉంటుందనే నమ్మకాన్ని ఆయన పక్కన పెట్టాడు. సన్నటి గాలి బుడగలు నిండిన నియోప్రీన్ రబ్బరు చొక్కా ఒంటికి అంటిపెట్టుకుని ఉంటే లోపలికి నీళ్లొచ్చినా ఫర్వాలేదు, వెచ్చదనం కాపాడేది ఆ బుడగలే. లోపల పౌడరు చల్లుకుని, ఒకరినొకరు పట్టి లాగితే తప్ప ఆ సూటు ఒంటి మీదికి ఎక్కేది కాదు. ఎక్కాక మాత్రం గంటసేపు హాయి.

ఆ బుడగలే కొత్త తలనొప్పి తెచ్చాయి. నీటి మీద సూటు మనిషిని బెండులా తేల్చేస్తుంది, కాబట్టి సీసం పెంచాలి. పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపై సూటులోని బుడగలు సగానికి నలుగుతాయి. తేల్చే శక్తి పోతుంది, నడుముకున్న సీసం మాత్రం తగ్గదు. పైన తేలిపోయినవాడే కింద రాయిలా దిగిపోతాడు. ఛాతీ సర్దుబాటు చేయగలిగింది రెండు మూడు కిలోలే. మందపాటి సూటు కోల్పోయే తేలిక అంతకు మించిపోవచ్చు. నేటి గాలి జాకెట్ ఈ తేడాను పూడ్చడానికే పుట్టింది. కానీ సూటు 50ల మొదట్లో వస్తే, జాకెట్ అందరికీ అందేసరికి 70లు వచ్చాయి. మధ్యలోని ఇరవై ఏళ్లూ ఆ లోటును మనుషులే లెక్కలతో, తొడల బలంతో పూడ్చుకున్నారు.

ఆ లెక్క ఇలా ఉండేది. ఇవాళ పని ఏ లోతులో? పదిహేను మీటర్లయితే ఆ లోతులో తూకం కుదిరేలా సీసం తగ్గించి కట్టుకోవాలి. అప్పుడు నీటి మీద తేలిపోతారు. నడుము దగ్గర వంగి, కాళ్లు నిలువుగా గాల్లోకి లేపి, ఆ బరువుతో మునిగి, మొదటి నాలుగైదు మీటర్లు ఫిన్లతో గట్టిగా తన్నుకుంటూ దిగాలి. ఆ తర్వాత సూటు నలిగి దారి తానే ఇస్తుంది. సీసం ముక్కల్ని పాత సీసం కరిగించి ఇంటి పెరట్లో పోతపోసుకునేవాళ్లు చాలామంది. బెల్టు అన్ని పట్టీలకూ పైన కట్టుకోవాలి, ఒక్క చేత్తో లాగితే ఊడిపోవాలి. ఆపదలో మొదట వదిలేయాల్సింది అదే.

ఒక సాధారణ ఆదివారం ఎలా గడిచేదో చూడండి. తెల్లవారగానే కారు డిక్కీలో సిలిండర్లు, వలసంచి, చేపల్ని గుచ్చే తుపాకి. ఒక లారీ టైరు ట్యూబు కూడా, ఊది నీటి మీద తేల్చుకుంటే అలసినప్పుడు పట్టుకోవడానికి, దొరికినవి వేసుకోవడానికి. అలల్ని దాటి సిలిండర్ పట్టీలు భుజాలు కోస్తుంటే స్నార్కెల్‌తో ఈదుకుంటూ పోవడం. రాళ్ల సందుల్లో ఎండ్రరొయ్యలు, రాళ్లను కరుచుకున్న అబలోనీ గుల్లలు. రాత్రి భోజనానికి అవే. ఆ రోజుల్లో సముద్రం తరగని కొట్టనుకున్నారు. 1956లో కాన్ ఉత్సవంలో పెద్ద బహుమతి కొట్టిన కూస్తో సినిమాలోనే పగడపు దిబ్బ మీద డైనమైట్ పేల్చి చేపల్ని లెక్కపెట్టడం, సొరచేపల్ని గొడ్డళ్లతో నరకడం కనిపిస్తాయి. తర్వాతి కూస్తోను ఎరిగినవాళ్లకు ఆ దృశ్యాలు చూడటం కష్టం.

గాలి అయిపోతోందని ఎలా తెలిసేది? పీల్చడం బరువెక్కితే తెలిసేది. సిలిండర్ మెడలో స్ప్రింగుతో పనిచేసే ఒక వాల్వు ఉండేది. నిండుగా సుమారు 150 రెట్ల వాతావరణ పీడనం ఉండే సిలిండర్ 20 దరిదాపులకు పడిపోగానే ఆ స్ప్రింగు గాలిని బిగబట్టేస్తుంది. డైవర్ చేయి వెనక్కి పెట్టి, నడుము దాకా వేలాడే కడ్డీని కిందికి లాగితే మిగిలిన గాలి విడుదలవుతుంది. అంటే ఇంటికి బయల్దేరమని అర్థం. ఏ తాడుకో, సముద్రపు నాచుకో తగిలి ఆ కడ్డీ ముందే లాగబడి ఉందా, ఇక మిగిలింది లేదు. తెలిసేది కూడా ఆఖరి ఊపిరిలోనే. పైకి వచ్చే దారంతా గాలి వదులుతూ రావడం ప్రతివాడికీ వచ్చి తీరాల్సిన విద్య అయింది ఇందుకే.

ఆ విద్యకు ఒక రూపం ఇచ్చినవాడు కాన్రాడ్ లింబా. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో జీవశాస్త్రవేత్త. పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తిని శుభ్రం చేసే చిన్న చేపల్ని గంటల తరబడి కదలకుండా గమనించిన మనిషి. సంస్థలో డైవర్లకు ఆయన పెట్టిన శిక్షణను చూసి నేర్చుకున్న ఆల్ టిల్‌మన్, బెవ్ మోర్గన్ తదితరులు లాస్ ఏంజెలిస్ కౌంటీలో మామూలు జనానికి పాఠాలు మొదలుపెట్టారు. ఈతకొలనులో పరీక్ష కఠినంగా ఉండేది. సామానంతా విప్పి కొలను అడుగున పెట్టి ఒట్టి చేతులతో పైకి రావాలి. మళ్లీ మునిగి మొదట గొట్టం నోట్లో పెట్టుకుని నీళ్లు ఊదేయాలి, తేలిపోకుండా సీసం బెల్టు తొడల మీద వేసుకోవాలి, తర్వాత మాస్కు, పట్టీలు. ఇంకా గట్టి గురువులు వెనక నుంచి వచ్చి మాస్కు లాగేసేవాళ్లు, సిలిండర్ గాలి కట్టేసేవాళ్లు. ఇప్పటివాళ్లకు ఇది వేధింపులా కనిపిస్తుంది. జాకెట్టూ మీటరూ లేని కాలంలో, కంగారుపడనివాణ్ణి ముందే ఏరుకోవడం తప్ప వాళ్లకు మరో దారి ఉండిందా అని నేననుకుంటాను.

అంత జాగ్రత్త నేర్పిన లింబా 1960 మార్చిలో ఫ్రాన్స్‌లోనే, కాసీ ఊరి దగ్గర పోర్ట్ మియూలో, నీళ్లు నిండిన భూగర్భ నదిలో దారి తప్పి చనిపోయాడు. ఆక్వాలంగ్ మొదట నెగ్గిన బాండోల్ తీరానికి అది అంత దూరమేమీ కాదు.

అప్పటికే అమెరికా ఇళ్లలో రెండు గొట్టాల మనిషి వారంవారం ప్రత్యక్షమవుతున్నాడు. పెద్ద టీవీ నెట్‌వర్కులు వద్దన్న సీ హంట్ సీరియల్‌ను నిర్మాతలు ఊరూరా స్టేషన్లకు విడిగా అమ్ముకున్నారు. 1958 నుంచి 1961 దాకా 155 భాగాలు. లాయిడ్ బ్రిడ్జెస్ హీరో. విలన్ కత్తి దూసి మొదట కోసేది గొట్టాన్నే. చూసినవాడల్లా ఆ గొట్టాలు తనకూ కావాలనుకున్నాడు. దుకాణాలు కిటకిటలాడాయి.

విచిత్రమేమంటే, ఆ గిరాకీ పతాకస్థాయిలో ఉన్నప్పుడే రెండు గొట్టాల కాలం లోలోపల ముగుస్తోంది. బీజం చాలా ముందే, 1952లో, ప్రపంచానికి ఆ కొసన పడింది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్ అనేవాడికి ఎయిర్ లిక్విడ్ పేటెంటు అడ్డొచ్చింది. రెండు గొట్టాల పద్ధతి ముట్టుకోవడానికి లేదు. అయితే డబ్బానే రెండు ముక్కలు చేస్తే? గాలి ఒత్తిడి తగ్గించే ముక్కను సిలిండర్ దగ్గరే ఉంచి, రబ్బరు పొరను, ఊపిరి పోయే వాల్వును నోటి దగ్గరికి తెచ్చాడు. రెండూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి మార్న్ నది గొడవ లేదు, వెనక్కి పోయే గొట్టమే అక్కర్లేదు. ఆ పరికరానికి పోర్పాయిస్ అని పేరు పెట్టాడు. ఆస్ట్రేలియా నౌకాదళం దాన్ని తీసుకుంది. వార్త పారిస్ చేరింది. ఎయిర్ లిక్విడ్ ఏం చేసింది, ఎల్డ్రెడ్ చేతికి చివరికి ఏం మిగిలింది, ఫ్రాన్స్‌లో మోరిస్ ఫెంజీ మెడకు తగిలించిన గాలి సంచి 1961 నుంచి సీసం బెల్టు లెక్కల్ని ఎలా తలకిందులు చేసింది అన్నవి వచ్చే భాగంలో.